కత్తి లేకపోయినా సరే, ఒర ఉండాల్సిందే!

ఇవాళ మధ్యాహ్నం మీరు అన్నంలో కలుపుకొని తిన్న కందిపప్పు ఇప్పుడు ఎక్కడుందో చెప్పగలరా? చిన్నప్రేవులో ఉంటుంది. అక్కడ ట్రిప్సిన్ అనే ఎంజైము పప్పులోని ప్రోటీన్లను చిన్న చిన్న ముక్కలుగా కోస్తూ ఉంటుంది. ఈ ట్రిప్సిన్‌ను తయారుచేసి పంపేది క్లోమం. క్లోమం కూడా ప్రోటీన్లతో కట్టిన అవయవమే గదా! మరి ట్రిప్సిన్ తాను పుట్టిన ఇంటినే ముందుగా ఎందుకు జీర్ణం చేసెయ్యదు?

ట్రిప్సిన్ లాగా ప్రోటీన్లను కోసే ఎంజైములను ప్రోటియేజులు అంటారు. వీటిని కత్తులనుకోండి. శరీరం ఈ కత్తులను విచ్చలవిడిగా వదిలెయ్యదు. అవసరం వచ్చేదాకా ఒరలో పెట్టి ఉంచుతుంది. ఆ ఒరలు కూడా ప్రోటీన్లే. వాటినే ప్రోటియేజ్ నిరోధకాలు అంటారు.

ఈ కత్తి, ఒరల కథ క్లోమంలో మొదలవుతుంది. కుందేలు, చిట్టెలుక, కోతి, హామ్‌స్టర్‌ల మీదుగా నడిచి చివరికి పిల్లలు లేని దంపతుల ఇంటికి చేరుతుంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. మగజీవి శుక్రకణంలో ఉన్న కత్తిని గురించి శాస్త్రజ్ఞులు దాదాపు అర్ధ శతాబ్దం పాటు పరిశోధించారు. ఒరను మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. తీరా చూస్తే చిట్టెలుకకు ఆ కత్తి లేకపోయినా పని జరిగిపోయింది. ఒర లేకపోతే మాత్రం శుక్రకణమే తయారు కాలేదు!

క్లోమంలో దొరికిన ఒర

1876లో జర్మన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ కూనె క్లోమరసంలో ప్రోటీన్లను జీర్ణం చేసే పదార్థానికి ట్రిప్సిన్ అని పేరు పెట్టాడు. 'ఎంజైము' అన్న మాటను సృష్టించింది కూడా ఆయనే. క్లోమం ట్రిప్సిన్‌ను నేరుగా తయారుచేయదు. ట్రిప్సినోజెన్ అనే పదును లేని రూపంలో తయారుచేస్తుంది. చిన్నప్రేవులోకి చేరిన తరువాతే దానికి పదును వస్తుంది. శరీరం తీసుకునే మొదటి జాగ్రత్త ఇది.

రెండో జాగ్రత్త సంగతి 1936లో బయటపడింది. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేస్తున్న మోజెస్ కునిట్జ్, జాన్ నార్త్రప్‌లు ఎద్దు క్లోమంలో ఒక చిన్న ప్రోటీన్‌ను కనుగొన్నారు. అది ట్రిప్సిన్‌ను అంటిపెట్టుకొని, దాని పని సాగనివ్వకుండా ఆపుతుంది. 1948లో లూయీ కజాల్, ఆయన సహచరులు క్లోమం నుంచే ఇంకో రకం నిరోధకాన్ని వేరుచేశారు. ఈ రెండో రకం పోలికలున్న ప్రోటీన్లను ఇప్పుడు కజాల్ కుటుంబం అంటున్నారు. ఆ కుటుంబం ఇంగ్లీషు పేరులోని అక్షరాలను కలిపి 'స్పింక్' అని పొట్టిగా పిలుస్తారు. క్లోమంలో ఉండేది స్పింక్1. మన కథలో ముఖ్య పాత్ర స్పింక్2ది. దాని ప్రవేశానికి ఇంకా సమయం ఉంది.

నిరోధకం కత్తిని ఎలా ఆపుతుంది? ప్రోటియేజు ఉపరితలం మీద ఒక చిన్న గాడి ఉంటుంది. కోయవలసిన ప్రోటీన్ ఆ గాడిలోకి రావాలి. నిరోధకం కూడా సరిగ్గా ఆ గాడిలో ఇమిడే ఆకారంతోనే ఉంటుంది. ఆహారంలా కనిపించి లోపలికి వస్తుంది. కాని తేలిగ్గా తెగదు, తేలిగ్గా బయటికీ పోదు. గొంతులో అడ్డం పడ్డ చేప ముల్లులా అక్కడే ఉండిపోతుంది. ఇక ఆ ఎంజైముకు వేరే పని చేసే వీలుండదు.

మొక్కల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. సోయా చిక్కుడు గింజల్లోని ట్రిప్సిన్ నిరోధకాన్ని కునిట్జే 1945లో స్ఫటికాలుగా వేరుచేశాడు. పప్పుధాన్యాల్లోనూ ఇవి ఉంటాయి. వేడికి వీటిలో చాలా భాగం దెబ్బతింటుంది. పప్పు మెత్తగా ఉడకాలని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటలో ఇంత రసాయన శాస్త్రం ఉందన్నమాట.

మరి ఒరే పాడైతే ఏమవుతుంది? దీర్ఘకాలిక క్లోమశోథతో బాధపడుతున్న పిల్లల్లో స్పింక్1 జన్యువులో మార్పులు కనిపిస్తున్నాయని 2000లో బెర్లిన్ పరిశోధకులు ప్రకటించారు. మన దేశంలో, ముఖ్యంగా దక్షిణాదిన, క్లోమంలో రాళ్లు ఏర్పడి చిన్న వయసులోనే కడుపునొప్పి, మధుమేహం తెచ్చిపెట్టే వ్యాధి ఒకటి ఉంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు జి.ఆర్. చందక్, వైద్యుడు డి. నాగేశ్వర్ రెడ్డి, వారి సహచరులు ఈ వ్యాధి ఉన్నవారి జన్యువులను పరిశీలించారు. కత్తికి సంబంధించిన ట్రిప్సినోజెన్ జన్యువులో లోపం ఉంటుందేమోనని చూస్తే, ఒరకు సంబంధించిన స్పింక్1 జన్యువులోని మార్పులకే వ్యాధితో గట్టి సంబంధం కనిపించింది. 2002లో వెలువడిన ఈ ఫలితాన్ని గుర్తు పెట్టుకోండి. ఇలాంటిదే ఇంకోచోట చూడబోతున్నాం.

శుక్రకణం తలమీది టోపీ

ఇక క్లోమాన్ని వదిలి వృషణాల వైపు వెళదాం. 1677లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ తాను స్వయంగా అరగదీసిన కటకాలతో వీర్యాన్ని పరిశీలించి, అందులో తోకలు ఆడిస్తూ ఈదే శుక్రకణాలను వర్ణించాడు. శుక్రకణం అండంలోకి ఎలా దూరుతుందన్న ప్రశ్నకు మాత్రం ఆ తరువాత ఎంతో కాలం దాకా సమాధానం దొరకలేదు.

ఈ ప్రశ్న అంత చిన్నది కాదు. క్షీరదాల అండం చుట్టూ జోనా పెల్లుసిడా అనే మందపాటి పారదర్శకమైన పొర ఉంటుంది. దాని పైన మళ్లీ అనేక చిన్న కణాల గుంపు ఉంటుంది. శుక్రకణం వీటన్నిటినీ దాటాలి. దాని తలమీద టోపీలాంటి సంచి ఒకటి ఉంది. దాన్ని ఆక్రోసోమ్ అంటారు. 1952లో జపాన్‌లో పనిచేస్తున్న జీన్ క్లార్క్ డాన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలు సముద్ర జీవుల శుక్రకణాలను పరిశీలించింది. అండాలు ఉన్న నీరు తగలగానే ఈ సంచి పగిలి విచ్చుకోవడం ఆమె చూసింది. అయితే ఆ సంచిలో ఉన్నదేమిటి?

1965లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో భారతీయ శాస్త్రజ్ఞుడు పి.ఎన్. శ్రీవాస్తవ, ఆడమ్స్, హార్ట్రీలతో కలిసి శుక్రకణాల టోపీల నుంచి సారాన్ని తీశాడు. దాన్ని గాజుపాత్రలో ఉన్న కుందేలు అండాల మీద ప్రయోగిస్తే, వాటి తొడుగుల మీద ఎంజైములా పనిచేసింది. 1968లో అమెరికాలో స్టాంబా, బక్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. కుందేలు శుక్రకణపు తలలో ట్రిప్సిన్‌ను పోలిన ఎంజైము ఉందనీ, అది జోనా పొరను కరిగిస్తుందనీ చూపించారు. ఆ ఎంజైముకు తరువాత ఆక్రోసిన్ అన్న పేరు స్థిరపడింది.

చూశారా, పప్పును జీర్ణం చేసే కత్తికి దగ్గరి చుట్టం శుక్రకణం తలమీద కూర్చుని ఉంది! కథ ఎంతో చక్కగా అతికినట్టు కనిపించింది. శుక్రకణం అండాన్ని చేరుతుంది, టోపీ విచ్చుకుంటుంది, ఆక్రోసిన్ బయటికి వచ్చి పొరను కోస్తుంది, శుక్రకణం లోపలికి దూసుకుపోతుంది. కాలేజీ పాఠ్యపుస్తకాల్లో ఈ బొమ్మ ఏళ్ల తరబడి నిలిచిపోయింది.

ఆక్రోసిన్ కత్తి అయితే, దాన్ని ఒరలో బిగిస్తే గర్భం రాకూడదు గదా? 1971లో జానెవెల్డ్, ఆయన సహచరులు ఇదే పరీక్షించారు. క్లోమం నుంచీ, వీర్యద్రవం నుంచీ తీసిన ట్రిప్సిన్ నిరోధకాలతో కుందేళ్లలో ఫలదీకరణాన్ని అడ్డుకోగలిగారు. ఆక్రోసిన్‌ను ఆపే మందు దొరికితే మంచి గర్భనిరోధక సాధనం చేతికి వచ్చినట్టేనన్న ఆశ అనేక ప్రయోగశాలల్లో చిగురించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ నిరోధకాల్లో ఒకటి వీర్యద్రవం నుంచే తీసింది! శుక్రకణం కత్తి పట్టుకొని వెళుతుంటే, అది ఈదే ద్రవంలోనే ఒరలు ఎందుకున్నాయి? జర్మనీలో మ్యూనిక్‌కు చెందిన హాన్స్ ఫ్రిట్జ్ బృందం ఈ వీర్య నిరోధకాలను ఎంతో శ్రద్ధగా పరిశీలించింది. చచ్చిన శుక్రకణాల నుంచి కారిన ఆక్రోసిన్ చుట్టుపక్కల కణజాలాన్ని పాడుచేయకుండా ఇవి కాపాడుతుంటాయన్న వివరణ అప్పట్లో సరిపోయింది. ఆ నిరోధకాల్లో ఒకదాని అమైనో ఆమ్లాల వరుసను 1990లో నిర్ణయించినప్పుడు అది కజాల్ కుటుంబానికి చెందినదని తేలింది. అదే స్పింక్2. అయినా అప్పటికి అందరి చూపూ కత్తి మీదే ఉంది.

1994: కత్తి లేని చిట్టెలుక

ఒక యంత్రంలో ఒక మర ఎందుకుందో తెలియాలంటే ఏం చేస్తాం? ఆ ఒక్క మరనూ విప్పి పక్కన పెట్టి, యంత్రాన్ని నడిపి చూస్తాం. జన్యువుల విషయంలో ఇలా చేయడం చాలా కాలం సాధ్యం కాలేదు. 1980లలో మారియో కపెకీ, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌ల కృషి వల్ల అది చిట్టెలుకల్లో సాధ్యమైంది. పిండం నుంచి తీసిన మూలకణాల్లో, కోరుకున్న ఒక్క జన్యువును చెడగొట్టి, ఆ కణాలను చిట్టెలుక పిండంలోకి చేర్చి, చివరికి ఆ జన్యువు పనిచేయని చిట్టెలుకలను పుట్టించవచ్చు. ఇలాంటి మొదటి చిట్టెలుకలు 1989లో వచ్చాయి. ఈ ముగ్గురికీ 2007లో నోబెల్ బహుమతి లభించింది.

1994లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయానికి చెందిన తదాషి బాబా, ఆయన సహచరులు ఈ పద్ధతితో ఆక్రోసిన్ జన్యువు పనిచేయని చిట్టెలుకలను తయారుచేశారు. పాఠ్యపుస్తకం ప్రకారం ఆ మగ చిట్టెలుకలకు పిల్లలు పుట్టకూడదు. కాని పుట్టాయి! వాటి శుక్రకణాలు జోనా పొరను దాటాయి, అండాలను ఫలదీకరించాయి. మామూలు శుక్రకణాల కంటే కాస్త ఆలస్యంగా లోపలికి వెళ్లాయి, అంతే తేడా. 1997లో జర్మనీలోని గోటింగెన్ పరిశోధకులు కూడా విడిగా ఇలాంటి చిట్టెలుకలనే తయారుచేసి, అవీ సంతానం కంటున్నాయనీ, ఫలదీకరణం మాత్రం ఆలస్యమవుతోందనీ చెప్పారు.

గాజుపాత్రలో ఒక ఎంజైము ఒక పొరను కరిగించింది. అంతమాత్రాన జీవి శరీరంలో ఆ పని జరగాలంటే ఆ ఎంజైమే ఉండి తీరాలని చెప్పలేం. 'ఇది చేయగలదు' అన్న మాటకూ, 'ఇది లేకపోతే జరగదు' అన్న మాటకూ ఎంతో తేడా ఉంది. ఆ తేడాను 1994 నాటి చిట్టెలుక అందరికీ కళ్లకు కట్టినట్టు చూపించింది.

ఒర వంతు వచ్చింది

కత్తిని తీసేస్తే పెద్దగా ఏమీ కాలేదు. ఒరను తీసేస్తే?

2000లో ఆస్ట్రియాలోని వియన్నా పరిశోధకులు బెల్జియం సహచరులతో కలిసి, ప్రోటీన్ సి ఇన్హిబిటర్ అనే నిరోధకపు జన్యువును చిట్టెలుకల్లో పనిచేయకుండా చేశారు. ఇది స్పింక్ కుటుంబానిది కాదు, సెర్పిన్‌లనే ఇంకో కుటుంబానిది. మనుషుల్లో ఇది రక్తంలోనూ, అనేక అవయవాల్లోనూ ఉంటుంది. చిట్టెలుకల్లో మాత్రం దాదాపు పునరుత్పత్తి అవయవాలకే పరిమితం. ఈ జన్యువు పోయిన చిట్టెలుకలు చూడటానికి ఆరోగ్యంగానే ఉన్నాయి. ఆడవి పిల్లల్ని కన్నాయి. మగవి మాత్రం సంతానహీనమైపోయాయి. వృషణంలో పెరుగుతున్న శుక్రకణాలను సంరక్షించే సెర్టోలి కణాల మధ్య ఒక గట్టి ప్రహరీ ఉంటుంది. ఆ ప్రహరీ పాడైంది. శుక్రకణాలు వికృతంగా తయారయ్యాయి. పగ్గం లేని ప్రోటియేజులే ఈ పని చేసి ఉంటాయని పరిశోధకులు భావించారు.

2011లో స్పింక్2 రంగంలోకి వచ్చింది. దక్షిణ కొరియాలోని గ్వాంగ్‌జు శాస్త్ర సాంకేతిక సంస్థ పరిశోధకులు ఈ జన్యువు ముఖ్యంగా వృషణాల్లోనే పనిచేస్తోందని గమనించారు. ఈ జన్యువు మధ్యలో ఒక పరాయి డి.ఎన్.ఎ. ముక్క చొరబడిన చిట్టెలుకలను వారు పరిశీలించారు. వాటిలో స్పింక్2 ఉత్పత్తి బాగా పడిపోయింది. ఆ మగ చిట్టెలుకల్లో శుక్రకణాల సంఖ్య తగ్గింది. ఉన్నవాటిలో అనేకం తోకలు మెలిపడి కనిపించాయి. వృషణంలో శుక్రకణాలుగా మారవలసిన కణాలు మధ్యలోనే చనిపోతున్నాయి. పుట్టే పిల్లల సంఖ్యా తగ్గింది. అన్నిటికంటే ముఖ్యంగా, వృషణంలో ప్రోటియేజుల పనితనం మామూలు కంటే పెరిగింది. ఒర తగ్గితే కత్తులు చెలరేగాయన్నమాట.

2017లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నగర పరిశోధకులు స్పింక్2 బొత్తిగా లేని చిట్టెలుకలను పరిశీలించారు. వాటిలో పరిణతి చెందిన శుక్రకణాలే లేవు. రెండు ప్రతుల్లో ఒక్కటే చెడిపోయిన చిట్టెలుకల్లో శుక్రకణాలు తయారయ్యాయి గాని, లోపాలున్నవి ఎక్కువగా కనిపించాయి.

వృషణంలో ఏం జరిగింది?

దీన్ని అర్థం చేసుకోవాలంటే శుక్రకణం ఎలా తయారవుతుందో కొంచెం తెలియాలి. చిట్టెలుకలో ఒక మూలకణం నుంచి శుక్రకణం తయారు కావడానికి సుమారు 35 రోజులు పడుతుంది. మనిషిలో రెండు నెలలు దాటుతుంది. మొదట కణం విభజన చెంది, క్రోమోజోముల సంఖ్య సగమైన గుండ్రని కణాలు ఏర్పడతాయి. వాటికి అప్పటికి తోక లేదు, టోపీ లేదు. తరువాత విభజన ఆగిపోయి, రూపం మారడం మొదలవుతుంది. తల సన్నబడుతుంది, తోక మొలుస్తుంది, అనవసరమైన కణద్రవ్యం తొలగిపోతుంది.

టోపీ తయారయ్యేది ఈ దశలోనే. కణంలోని గాల్జీ సంక్లిష్టం నుంచి చిన్న చిన్న తిత్తులు బయలుదేరి, కేంద్రకం మీద ఒకచోట చేరి, ఒకదానిలో ఒకటి కలిసి ఆక్రోసోమ్‌గా మారతాయి. ఆ తిత్తుల్లో ప్రయాణించే సరుకే ఆక్రోసిన్. అది కూడా ట్రిప్సిన్ లాగే మొదట పదును లేని రూపంలో, ప్రోఆక్రోసిన్‌గా తయారవుతుంది. టోపీ లోపల ఆమ్లగుణం ఉంటుంది. అక్కడ ప్రోఆక్రోసిన్ మేల్కోదు. టోపీ చేరడానికి ముందు దారిలో మాత్రం అంత ఆమ్లగుణం ఉండదు. అక్కడే ప్రమాదం. ప్రోఆక్రోసిన్ తనంత తాను మేల్కొనగలదు. ఒక్కసారి మేల్కొంటే పక్కనున్న ప్రోఆక్రోసిన్‌లనూ మేల్కొలుపుతుంది. ఎండుగడ్డి మోపులో నిప్పురవ్వ పడ్డట్టే.

ఆ దారిలో కాపలా కాసేది స్పింక్2 అని గ్రెనోబుల్ పరిశోధకుల వివరణ. స్పింక్2 కూడా అదే తిత్తుల్లో, అదే టోపీకి చేరుతుంది. అది లేని చిట్టెలుకల్లో గాల్జీ సంక్లిష్టం ముక్కలు ముక్కలైంది, టోపీ తయారు కాలేదు, గుండ్రని కణాల దశలోనే పని ఆగిపోయింది. ఆ కణాలు వృషణం నుంచి రాలిపోయాయి. అండాన్ని చేరడానికి ఎంతో ముందే, కత్తి తన ఇంటినే కోసుకుందన్నమాట.

మీరు ఈ వ్యాసం మొదట్లో క్లోమం గురించి వేసుకున్న ప్రశ్నకూ దీనికీ ఉన్న పోలిక గమనించారా? క్లోమంలో స్పింక్1, వృషణంలో స్పింక్2. ప్రమాదకరమైన పదార్థాన్ని తయారుచేసే ప్రతి కార్ఖానా ముందుగా తన గోడలను తాను కాపాడుకోవాలి.

ఇద్దరు అన్నదమ్ములు

గ్రెనోబుల్ పరిశోధన మొదలైంది చిట్టెలుకలతో కాదు, మనుషులతో. వీర్యంలో ఒక్క శుక్రకణమైనా లేని ఇద్దరు అన్నదమ్ముల జన్యువులను వారు చదివారు. ఇద్దరిలోనూ స్పింక్2 జన్యువు రెండు ప్రతులూ చెడిపోయి ఉన్నాయి. ఆ తరువాతే చిట్టెలుకల్లో అదే జన్యువును తీసేసి చూశారు. మనిషిలో కనిపించిన లోపమే చిట్టెలుకలోనూ కనిపించడంతో కారణం ఖాయమైంది.

సంతానం లేని దంపతుల విషయంలో మన సమాజం ఎలా ప్రవర్తిస్తుందో మీకు తెలియనిది కాదు. నోములు, వ్రతాలు, మొక్కుబళ్లు భార్యకే. పరీక్షలు ముందుగా భార్యకే. పేరంటానికి పిలవకపోవడమూ, 'గొడ్రాలు' అన్న మాటా ఆమెకే. భర్తకు మరో పెళ్లి చేయాలన్న ఆలోచన కూడా ఇంకా పూర్తిగా పోలేదు. వైద్యశాస్త్రం చెప్పేది వేరు. సంతానం లేని జంటల్లో సుమారు సగం మంది విషయంలో పురుషుడి వైపు లోపం ఉంటుంది. కొన్నిసార్లు అదొక్కటే కారణం, కొన్నిసార్లు స్త్రీ వైపు కారణంతో పాటు అదీ ఉంటుంది. ఆరోగ్యంగా, దృఢంగా కనిపించే మగవాడిలో కూడా వృషణంలోని ఒక చిన్న నిరోధకం లోపించి ఉండవచ్చు. అది అతని తప్పూ కాదు, భార్య తప్పూ కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చిన రెండు ప్రతుల వ్యవహారం అది.

స్పింక్2 లోపం చాలా అరుదు. సంతానలేమి కేసుల్లో ఎక్కువ భాగానికి కారణాలు వేరే ఉంటాయి. అయినా ఇలా ఒక్కొక్క కారణమే తెలుస్తూ పోతే వైద్యుడు రోగికి నిజం చెప్పగలుగుతాడు. శుక్రకణాల తయారీ గుండ్రని కణాల దశలోనే ఆగిపోయిందని జన్యువు చెబితే, పరిణతి చెందిన శుక్రకణం కోసం వృషణంలో సూదులు గుచ్చి మళ్లీ మళ్లీ వెతకడం వల్ల ప్రయోజనం తక్కువని ముందే తెలుస్తుంది. ఆ దంపతులకు డబ్బూ, బాధా, వృథా ఆశా తప్పుతాయి.

బెంగళూరు కోతులు

ఒరల కథలో ఇంకో మలుపు మన దేశంలో జరిగింది. శుక్రకణం వృషణంలో తయారయ్యాక ఎపిడిడిమిస్ అనే పొడవైన గొట్టంలో ప్రయాణిస్తూ ఈదే శక్తి సంపాదించుకుంటుంది. అక్కడా ప్రోటియేజ్ నిరోధకాలను పోలిన ప్రోటీన్లు ఉన్నాయి. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో మైకేల్ ఒరాండ్ బృందం 2001లో వివరించిన 'ఎపిన్' వాటిలో ఒకటి. ఇది శుక్రకణం ఉపరితలాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది.

ఎపిన్‌కు వ్యతిరేకంగా శరీరంలో యాంటీబాడీలు పుట్టిస్తే? బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎ. జగన్నాథరావు, ఆయన సహచరులు ఒరాండ్ బృందంతో కలిసి మగ కోతులకు ఎపిన్ టీకా ఇచ్చి చూశారు. 2004లో ఫలితాలు వెలువడ్డాయి. 9 కోతుల్లో 7 కోతులకు యాంటీబాడీలు బాగా వచ్చాయి. ఆ ఏడూ సంతానం ఇవ్వలేకపోయాయి. టీకా ఆపేశాక ఏడింటిలో అయిదు మళ్లీ సంతానశక్తి పొందాయి. ఇది మందుల దుకాణంలో దొరికే టీకాగా మారలేదు. యాంటీబాడీలు ఒక్కొక్క జీవిలో ఒక్కొక్క స్థాయిలో రావడం, రెండు కోతులు తిరిగి కోలుకోకపోవడం ఇలాంటి పద్ధతిలోని ఇబ్బందులను తెలియజేస్తాయి. కాని గర్భనిరోధక భారమంతా స్త్రీల మీదే మోపిన సమాజాలకు, మగవాడి వైపు నుంచి కూడా మార్గం వెతకవచ్చని ఈ ప్రయోగం చూపించింది.

హామ్‌స్టర్ చెప్పిన సాక్ష్యం

ఇంతటితో కథ ముగిసిందనుకుంటే పొరపాటే. 'చిట్టెలుకకు ఆక్రోసిన్ అవసరం లేదు' అన్న ఫలితాన్ని చాలామంది 'క్షీరదాలకు ఆక్రోసిన్ అవసరం లేదు' అని చదువుకున్నారు. ఈ రెండు వాక్యాలూ ఒకటి కావు.

2020లో జపాన్‌లోని రికెన్ సంస్థలో అత్సువో ఒగురా బృందం ఆక్రోసిన్ లేని హామ్‌స్టర్‌లను తయారుచేసింది. హామ్‌స్టర్ కూడా చిట్టెలుక లాంటి చిన్న ప్రాణే. అయినా దాని శుక్రకణాలు ఆక్రోసిన్ లేకుండా జోనా పొరను దాటలేకపోయాయి. అండం దాకా వెళ్లి పొర దగ్గర ఆగిపోయాయి. 2023లో చైనా పరిశోధకులు ఆక్రోసిన్ జన్యువు చెడిపోయిన పురుషుల గురించి ప్రకటించారు. వారి శుక్రకణాలు కూడా జోనా పొరను దాటలేకపోతున్నాయి. అంటే 1960ల నాటి పాఠ్యపుస్తకం మనిషి విషయంలోనూ, హామ్‌స్టర్ విషయంలోనూ చాలావరకు సరైనదే. చిట్టెలుక విషయంలోనే అది తప్పింది!

అయితే 1994 నాటి ప్రయోగం తప్పా? కానే కాదు. అది అడిగిన ప్రశ్నకు సరైన సమాధానమే చెప్పింది. ఒకే పని చేసే ఎంజైములు చిట్టెలుక శుక్రకణంలో ఇంకా ఉన్నాయి. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుంది. ఇంకో జాతిలో ఆ ఆసరా ఉండకపోవచ్చు. కాబట్టి 'ఈ జన్యువు పని ఏమిటి?' అని అడిగినప్పుడల్లా, 'ఏ జీవిలో? ఏ దశలో?' అన్న రెండు ప్రశ్నలను కూడా జతచేయాలి. ప్రోటీన్ సి ఇన్హిబిటర్ మనిషిలో ఒకచోట, చిట్టెలుకలో ఇంకోచోట ఉండటం చూశాం. స్పింక్2 విషయంలో మాత్రం మనిషీ, చిట్టెలుకా ఒకే సాక్ష్యం చెప్పాయి. చిట్టెలుక ఎప్పుడు మనిషికి నమూనా అవుతుందో, ఎప్పుడు కాదో ముందుగా చెప్పే సూత్రం ఏదీ లేదు. ప్రతిసారీ పరీక్షించి చూసుకోవలసిందే.

చివరగా మీకొక లెక్క. స్పింక్2 లేని చిట్టెలుకలో శుక్రకణాలు తయారు కావు. ఆక్రోసిన్ లేని చిట్టెలుకలో తయారవుతాయి. ఈ రెండు జన్యువులూ లేని చిట్టెలుకను పుట్టించారనుకోండి. అందులో శుక్రకణాలు తయారైతే దాని అర్థమేమిటి? అప్పటికీ తయారు కాకపోతే స్పింక్2 ఇంకా ఏ కత్తులను అదుపులో పెడుతోందని అనుమానించాలి? కాగితం, పెన్సిలు తీసుకొని నాలుగు గళ్ల పట్టిక గీయండి. రెండు జన్యువులూ ఉన్నది, ఆక్రోసిన్ మాత్రమే లేనిది, స్పింక్2 మాత్రమే లేనిది, రెండూ లేనిది. మొదటి మూడు గళ్లలో ఏం రాయాలో ఈ వ్యాసంలోనే ఉంది. నాలుగో గడిలో మీరేం రాస్తారో, ఎందుకు రాస్తారో మీ జీవశాస్త్రం మాస్టారితో చర్చించండి.